స్ప్రింగ్ కనిపిస్తుంది, నూనె కనిపించదు



పోయిన నెల చెరువుల గురించి రాశాను. చాలామంది చదివి మాట్లాడారు, సంతోషం. ఈసారి విషయం కొంచెం గ్రీజు జిడ్డు అంటినది. మన సంఘం పిల్లల్లో కొందరు సెకండ్ హ్యాండ్ డర్ట్ బైకులు కొంటున్నారు. తల్లిదండ్రులకు భయం, పిల్లలకు మోజు. కొనేటప్పుడు ఇంజన్ శబ్దం వింటారు, టైరు చూస్తారు, ఆర్.సి. బుక్కు చూస్తారు. వెనక సస్పెన్షన్ మాత్రం ఎవరూ చూడరు. అందుకే ఆ వెనక సస్పెన్షన్ చరిత్ర రాద్దామనిపించింది. అందులో మన మద్రాసుకూ, మన అంబత్తూరు పరిసరాలకూ చాలా వాటా ఉంది.

కుదుపు వేరు, ఊపు వేరు

మన భాషలో కుదుపు, ఊపు అని రెండు మాటలున్నాయి. గుంటలో పడగానే నడుముకు తగిలేది కుదుపు. గుంట దాటాక కూడా బండి పైకీ కిందికీ ఆడుతూ ఉంటే అది ఊపు. ఈ రెండింటి తేడా తెలిస్తే సస్పెన్షన్ సగం తెలిసినట్టే. కుదుపును స్ప్రింగ్ మింగుతుంది. ఊపును నూనె ఆపుతుంది.

ఎడ్లబండికి రెండూ లేవు. జట్కాబండికి కమాను కట్టలుండేవి. కమాను కట్టలో ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడే కొంత ఊపును ఆపేస్తుంది. చుట్ట స్ప్రింగ్‌కు ఆ గుణం లేదు. నొక్కితే ఎంత బలం తీసుకుంటుందో దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే చుట్ట స్ప్రింగ్ పెట్టినచోట ఊపును ఆపడానికి ఇంకేదైనా పెట్టక తప్పదు. ఆ పని నూనెకు అప్పజెప్పారు. గొట్టంలో నూనె, అందులో సన్న రంధ్రాలున్న పిస్టన్. బండి ఆడినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టపడి దూరాలి. బలం వేడిగా మారి ఖర్చైపోతుంది. మనం షాక్ అబ్జార్బర్ అనేది నిజానికి ఈ నూనె గొట్టాన్నే. పైన చుట్టుకొని ఉన్న స్ప్రింగ్‌ను చూసి అదే షాక్ అబ్జార్బర్ అనుకుంటాం.

రెడిచ్ నుంచి తిరువొత్తియూరు దాకా

మొదటి మోటార్ సైకిళ్లకు వెనక స్ప్రింగే లేదు. చక్రం ఫ్రేముకు గట్టిగా బిగించి ఉండేది. సీటు కింద రెండు స్ప్రింగ్‌లు, అంతే. 1928లో ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి, వెనక చక్రం ఒక కీలు మీద పైకీ కిందికీ ఆడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చాలా కంపెనీలు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లపాటు పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. కొన్ని మధ్యేమార్గంగా ప్లంజర్ అనే పద్ధతి పెట్టాయి. అందులో ఇరుసు రెండు చిన్న గొట్టాల మధ్య కొద్దిగా పైకీ కిందికీ కదిలేది.

1948 ఫిబ్రవరిలో ఇంగ్లండులో కొల్మోర్ కప్ పోటీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు కొత్త బుల్లెట్ నమూనాలతో వచ్చారు. వెనక స్వింగ్ ఆర్మ్, రెండు పక్కలా నూనె షాక్ అబ్జార్బర్లు. బురదలో, రాళ్లలో నడిపే పోటీలవి. వెనక చక్రానికి స్ప్రింగ్ ఉంటే నేల మీద పట్టు పోతుందని అప్పటి పోటీదారులు చాలామంది గట్టిగా నమ్మేవారు. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో బ్రిటిష్ జట్టు గెలిచింది. ఆ జట్టులో బుల్లెట్లు నడిపిన ఇద్దరికీ బంగారు పతకాలు వచ్చాయి. 1949లో బుల్లెట్ అమ్మకానికి వచ్చింది. స్ప్రింగ్ పట్టు తీసేయదు, చక్రాన్ని నేలకు అంటిపెట్టి పట్టు పెంచుతుందని అలా రుజువైంది. ఈనాటి డర్ట్ బైకులన్నీ నమ్ముకున్న సూత్రం ఇదే.

ఆ బుల్లెట్ మన ఊరికి ఎలా వచ్చిందో మీకు తెలిసిందే. స్వాతంత్ర్యం తరువాత సరిహద్దు గస్తీ కోసం సైన్యానికి గట్టి బండ్లు కావాల్సివచ్చాయి. 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. త్యాగరాజస్వామి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు తెలుగు కీర్తనలు చేసిన ఊరది. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను బిగించేవారు. 1957లో అచ్చులు, పనిముట్లు కూడా ఇక్కడికి వచ్చాయి. 1962 నాటికి బండి మొత్తం ఇక్కడే తయారయింది. ఇంగ్లండులో 1970తో ఎన్‌ఫీల్డ్ కథ ముగిసింది. తిరువొత్తియూరులో ముగియలేదు. 1977లో ఇక్కడి బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి కావడం మొదలైంది.

పాత బుల్లెట్ స్వింగ్ ఆర్మ్ కంచు బుష్‌ల మీద ఆడేది. గ్రీజు పెట్టడం మానేస్తే బుష్ అరిగి వెనక చక్రం అటూ ఇటూ తూలుతుంది. తూలే బండిని తొక్కేవాడికి అది వెంటనే తెలిసిపోతుంది. పాత బండ్లలో మంచి గుణమది. నిర్లక్ష్యం చేస్తే అరిచి చెప్పేవి.

పెరంబూరు పెట్టెల్లోనూ అదే కథ

1955 మన మద్రాసుకు పెద్ద సంవత్సరం. ఆ ఏడాది అక్టోబరు 2న పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని నెహ్రూగారు ప్రారంభించారు. స్విట్జర్లాండులోని ష్లీరెన్ కంపెనీ సహకారంతో మొదలైన ఫ్యాక్టరీ అది. అక్కడ చేసిన పాత రకం పెట్టెల కింద ఉండే బోగీలకు చుట్ట స్ప్రింగ్‌లే. చక్రాల ఇరుసు పెట్టెకు రెండు పక్కలా స్ప్రింగ్‌లుంటాయి. స్ప్రింగ్ మధ్యలో నూనె పోసిన డాష్‌పాట్ ఉంటుంది. పై నుంచి ఒక గైడ్ పిస్టన్‌లాగా ఆ నూనెలోకి దిగుతుంది. అంటే మన బైకు షాక్ అబ్జార్బర్‌కు పెద్దన్న అన్నమాట.

నేను రైల్వేలో గుమాస్తాగా పనిచేశాను, మెకానిక్‌ను కాను. అయినా ఇండెంట్లు రాసి రాసి ఒక సంగతి నేర్చుకున్నాను. స్ప్రింగ్ కోసం వచ్చే కాగితాల కంటే రబ్బరు సీలింగ్ రింగు కోసం వచ్చే కాగితాలే ఎక్కువ. ఉక్కు స్ప్రింగ్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. రబ్బరు రింగు ఎండిపోతుంది, చీలుతుంది, నూనె కారిపోతుంది. నూనె తగ్గిన పెట్టె చూడడానికి మామూలుగానే ఉంటుంది, ఎత్తు కూడా తగ్గదు. కానీ అరక్కోణం దాటి వేగం అందుకున్నాక ఎక్కినవాళ్లకు తెలుస్తుంది. కాఫీ కప్పు చేతిలో నిలవదు.

ఒకే షాక్ వచ్చిన రోజు

మళ్లీ బైకుల దగ్గరికి వద్దాం. మోటోక్రాస్ పోటీల్లో బండ్లు గాలిలోకి లేచి దిగడం ఎక్కువైంది. రెండు పక్కల షాక్‌లలో నూనె వేడెక్కి, గాలితో కలిసి నురగ అయ్యేది. నురగకు ఊపును ఆపే శక్తి ఉండదు. నూనె మీద నైట్రోజన్ వాయువుతో ఒత్తిడి పెట్టి ఉంచితే నురగ రాదు. ఫ్రాన్సులో ద కార్బన్ అనే ఆయన 1950లలోనే కార్ల కోసం ఈ మార్గం చూపించాడు. బెల్జియంకు చెందిన లూసియన్ టిల్కెన్స్ అనే ఇంజనీరు మోటోక్రాస్ బైకుకు రెండు షాక్‌లు తీసేసి, సీటు కింద పొడవుగా ఒకటే పెట్టాడు. యమహా కంపెనీ ఆ ఆలోచన తీసుకుంది. 1973లో స్వీడన్ రైడర్ హాకన్ ఆండర్సన్ ఆ పద్ధతి బండితో 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మోనోషాక్ అనే మాట అప్పటినుంచే ఊరూరా పాకింది.

1980 దరిదాపుల్లో హోండా, కవాసాకీ, సుజుకీ ఇంకో అడుగు వేశాయి. షాక్‌కూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య లింకేజీ అనే చిన్న చిన్న చేతుల అమరిక పెట్టాయి. చిన్న గుంటకు మెత్తగా, పెద్ద దెబ్బకు గట్టిగా ఉండేలా అది చూసుకుంటుంది. మోటోక్రాస్ బండి వెనక చక్రం సుమారు 300 మి.మీ. దాకా పైకీ కిందికీ ఆడగలిగింది. ఒక అడుగు దూరం!

కానీ ఒకటి గమనించండి. బుల్లెట్‌లో షాక్‌లు రెండు పక్కలా కళ్ల ముందు ఉండేవి. నూనె కారితే పాదానికి అంటేది. ఇప్పుడు షాక్ సీటు కింద, లింకేజీ అంతకంటే కింద బురద పడే చోట. సన్నని సూది బేరింగుల మీద ఆడుతుంది. ప్రతి మెరుగుదలా ముఖ్యమైన భాగాన్ని ఇంకాస్త లోపలికి దాచింది. బండి మెత్తన అయినకొద్దీ నిర్లక్ష్యం వినబడకుండా పోయింది. ఈ చరిత్రలో నాకు కనిపించిన పాఠం ఇదే.

మన చుట్టుపక్కల

రెడ్ హిల్స్ దాటితే షోళవరం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద అక్కడ రేసులు జరిగేవి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా షోళవరమే దక్షిణాది రేసులకు పేరు. అరవై దాటిన సభ్యులు ఆ ధూళి కొంతైనా మింగే ఉంటారు.

ఇటు మన అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్ వచ్చింది. 1955లో ఆవడిలో ట్యూబ్ ప్రొడక్ట్స్ వచ్చింది. షాక్ అబ్జార్బర్లకు కావలసిన కచ్చితమైన ఉక్కు గొట్టాలు చేసే వృత్తి మన పక్కనే ఉందన్నమాట. 1960లలో పాడిలో టి.వి.ఎస్. వర్గం ఫ్యాక్టరీలు, 1964లో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటు. ఈ పెద్ద ఫ్యాక్టరీల నీడలో సందు సందునా లేత్ షాపులు పుట్టాయి. నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి వచ్చిన మన వాళ్లు ఎంతమంది ఆ షాపుల్లో అప్రెంటిసులుగా చేరి మేస్త్రీలయ్యారో మీ ఇళ్లల్లోనే లెక్క దొరుకుతుంది.

డర్ట్ బైకులు మాత్రం మన దేశంలో మామూలు జనానికి ఆలస్యంగా అందాయి. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది. 2015లో బెంగుళూరు కుర్రాడు సి.ఎస్. సంతోష్ డకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2016లో మన ఎన్‌ఫీల్డ్ నుంచే హిమాలయన్. ఆ కంపెనీ బండ్లలో వెనక మోనోషాక్ పెట్టిన మొదటిది అదే, 180 మి.మీ. ఆట. 2019లో ఎక్స్‌పల్స్ 200, 170 మి.మీ. ఇప్పుడు ఇలాంటి బండ్లు చేతులు మారి సెకండ్ హ్యాండ్‌కు వస్తున్నాయి. పిల్లలు కొనేది అవే.

వరద చూసిన బండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఎస్టేటులో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఆ నీళ్లలో నిలబడిన బండ్లు ఎన్నో. ఇంజన్ నూనె మార్చి, కడిగి, మెరుగు పెట్టి అమ్మేస్తారు. లింకేజీ లోపలికి వెళ్లిన నీళ్లు మాత్రం లోపలే ఉంటాయి.

మన సంఘంలో ఒక అబ్బాయి అలాంటి బండే కొన్నాడు. పేరు వద్దు. రోజూ సి.టి.హెచ్. రోడ్డు మీద కాలేజీకి వెళ్తాడు, పక్కన కంటైనర్ లారీలు. స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం మూడు నాలుగు సార్లు ఎగురుతోంది. ఒకసారి బ్రేకు వేస్తూ ఉంటే వెనక టైరు నేల విడిచి పక్కకు జారిందట. ఊపు ఆగకపోతే జరిగేది అదే. చక్రం గాలిలో ఉన్న క్షణం బ్రేకు ఉన్నా లేనట్టే. ఒక షాపులో మొత్తం షాక్ కొత్తది వేయాలన్నారు. బండి కొన్న ధరలో పావు వంతు చెప్పారు. స్నేహితులేమో పుదుపేటలో వేరే బండి షాక్ దొరుకుతుంది, తగిలించెయ్ అన్నారు. పొడవు మారితే స్వింగ్ ఆర్మ్ వాలు మారుతుంది, చైను బిగువు మారుతుంది. అది ఇంకా ప్రమాదం.

ఎస్టేటు వెనక సందులో నాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండిని స్టాండు మీద ఎత్తి, వెనక చక్రం పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఊపాడు. టక్, టక్. తరువాత సీటు నొక్కి వదిలాడు. బంతిలా లేచింది.

"ఏం మేస్త్రీ, కొత్తది వేయక తప్పదా?" అన్నాను.

"స్ప్రింగ్ బాగానే ఉంది సార్. రాడ్డు మీద తుప్పు గుంట పడలేదు, వంగలేదు. పోయింది సీలు, నూనె, బేరింగులు. వాటికోసం మొత్తం పారేస్తామా?" అన్నాడు.

అబ్బాయి నా వైపు తిరిగి, "తాతయ్యా, ముందు ఇది అడగాలని నాకు తోచనేలేదు" అన్నాడు.

ఆయన చేసిన వరస మీకు చెప్తాను, ఎందుకంటే ఆ వరసలోనే వృత్తి ఉంది.

మొదటి రోజు ఏమీ విప్పలేదు. కీలు బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాడు. మర్నాడు నట్టు పూర్తిగా తీయకుండా మర మొన దాకా ఉంచి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి నెమ్మదిగా తట్టాడు. తొందరపడి సుత్తితో కొడితే మర చెడుతుంది, ఖర్చు రెట్టింపు.

లింకేజీ విప్పితే గ్రీజుకు బదులు ఎర్రటి పొడి. సూది బేరింగులు కొన్ని తిరగనే లేదు. లోపలి స్లీవు మీద వేలి గోరుకు తగిలే గాళ్లు. బేరింగు, స్లీవు, సీలు మూడూ కలిపి మార్చాడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే కొత్తది త్వరగా చస్తుందని ఆయన లెక్క. బేరింగును సుత్తితో కొట్టలేదు, సరైన కొలత బుష్ పెట్టి వైసులో నొక్కాడు. నీళ్లకు కరగని గ్రీజు నిండుగా పెట్టాడు.

షాక్ విషయంలో ముందుగా స్ప్రింగ్ ఎంత బిగించి ఉందో కొలిచి రాసుకున్నాడు. గ్యాసు గదిని మాత్రం తాను ముట్టుకోలేదు. అందులో నైట్రోజన్ ఒత్తిడి సుమారు 10 బార్ ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి నాలుగైదు రెట్లు. గ్యాసు వదలకుండా విప్పితే లోపలి భాగం తుపాకి గుండులా వస్తుంది. బిగించి ఉన్న స్ప్రింగ్ కూడా అంతే. యూట్యూబు చూసి ఇంట్లో ఎవరూ చేయకండి. సిటీలో సస్పెన్షన్ పని మాత్రమే చేసే ఒకరి దగ్గర గ్యాసు వదిలించి, కొత్త సీలు, బుష్, ఓ రింగులు వేయించాడు. కంపెనీ చెప్పిన పలచదనం ఉన్న సస్పెన్షన్ నూనె పోయించి, గాలి బుడగ లేకుండా తీయించి, మళ్లీ నైట్రోజన్ నింపించాడు. ఇంజన్ నూనె పోస్తే కాదా అని అడిగాను. "ఇంజన్ నూనె పని వేరు సార్, ఇది రంధ్రంలో దూరాల్సిన నూనె. చిక్కదనం మారితే మొత్తం లెక్క మారిపోతుంది" అన్నాడు.

చివర్లో కొలత. చక్రం గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుంచి వెనక మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలిచారు. తరువాత అబ్బాయి కూర్చున్నాక మళ్లీ కొలిచారు. ఆ తేడా మొత్తం ఆటలో మూడో వంతుకు దగ్గరగా ఉండాలి. 300 మి.మీ. ఆడే మోటోక్రాస్ బండికి సుమారు 100, 180 ఆడే బండికి 60 దరిదాపు. ఎక్కువ దిగితే స్ప్రింగ్ బిగించాలి, తక్కువ దిగితే వదలాలి. స్ప్రింగ్ ఎంత బిగించినా తేడా చాలా ఎక్కువే ఉంటే ఆ మనిషి బరువుకు ఆ స్ప్రింగ్ చాలదని అర్థం.

మొత్తం ఖర్చు కొత్త షాక్ ధరలో సగం కూడా కాలేదు. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద ఒక్కసారి లేచి కూర్చుంటుంది. వాళ్ల అమ్మ మొదటిసారి ఆ బండి వెనక ఎక్కి అమ్మవారి గుడికి వెళ్లింది.

ఎవరు చేస్తారు?

నా దిగులు ఈ ఒక్క బండి గురించి కాదు. మామూలు బండ్ల షాక్‌లు ఎక్కువగా విప్పడానికి వీలులేకుండా మూసేసి వస్తున్నాయి. పోతే పారేయడమే. పారేయడం అలవాటైతే విప్పే చేయి అవసరం ఉండదు. విప్పే చేయి పోతే, విప్పి బాగుచేయగలిగిన బండి వచ్చినా చేసేవాడు ఉండడు. మంచి డర్ట్ బైకుల షాక్‌లు విప్పడానికి వీలుగానే తయారవుతాయి, ఎందుకంటే పోటీల్లో వాటి నూనె తరచుగా మార్చాలి. మన సందుల్లో కొన్ని షట్టర్లు ఇప్పటికే దిగిపోయాయి. మేస్త్రీ కొడుకు కంప్యూటర్ పనికి వెళ్లాడు. తప్పు అనను, నా కొడుకూ అక్కడే. కానీ తిరువొత్తియూరులో, పెరంబూరులో, పాడిలో దశాబ్దాలుగా పోగైన చేతి తెలివి మనం పని ఇస్తేనే నిలుస్తుంది.

కాబట్టి పిల్లలకు నా మాట. పాత బండి కొనేముందు నాలుగు చూడండి. వెనక చక్రం ఎత్తి ఊపండి. సీటు నొక్కి వదలండి. షాక్ రాడ్డు మీద నూనె తడి ఉందా, తుప్పు గుంట ఉందా చూడండి. బండి వరదలో నిలబడిందా అని సూటిగా అడగండి. కొన్న తరువాత ప్రెజర్ పంపుతో లింకేజీ మీద నేరుగా నీళ్లు కొట్టించకండి, సీలు దాటి లోపలికి పోతాయి. ప్రతి వానాకాలం అయ్యాక ఒకసారి విప్పించి గ్రీజు పెట్టించండి.

ఈ ఆదివారం బండిని స్టాండు మీద వేసి వెనక చక్రం పట్టుకుని చూడండి. టక్కుమంటే నాకు ఫోన్ చేయకండి, నేను గుమాస్తాను. మేస్త్రీ నంబరు కావాలంటే సంఘం ఆఫీసులో ఇచ్చి ఉంచాను.